ఫణిగిరిని న్యూయార్కులో చూశాను



అమెరికా వెళ్ళివచ్చిన తల్లిదండ్రులు ఒక యాత్రాకథనం రాయడం మన తెలుగువారిలో ఆనవాయితీగా మారింది. నయాగరా జలపాతం దగ్గర నీలిరంగు వానకోటుతో ఒక ఫొటో, స్వేచ్ఛాప్రతిమ ముందు మరొకటి, పిట్స్‌బర్గు వేంకటేశ్వరుని దర్శనం, చివరకు 'ఎంతైనా మన ఊరు మన ఊరే' అన్న భరతవాక్యం. నేనేదో ఎగతాళికి అంటున్నాననుకోకండి. అవన్నీ నేనూ చేసినవాడినే. 2023లో ఆరు నెలలు న్యూజెర్సీలో మా అబ్బాయి దగ్గర ఉన్నాము. అప్పుడు మూడు నగరాలలో కొన్ని ప్రదర్శనశాలలు చూశాను. వాటిలో ఒకచోట, మా ఖమ్మానికి ఒక పూట ప్రయాణం దూరంలో ఉన్న కొండ మీది రాయి ఎదురుపడి, ముప్పై అయిదేళ్ళ కిందట నేను చేసిన ఒక తప్పును గుర్తుచేసింది. ఆ సంగతి చెప్పుకుందామని ఇంతకాలానికి కూర్చున్నాను.

ముందు నా గురించి రెండు మాటలు. తెలుగు పండిత శిక్షణ పొంది, ఉమ్మడి ఖమ్మం జిల్లాలో ముప్పై మూడేళ్ళు తెలుగు చెప్పి, 2017లో ఉద్యోగ విరమణ చేశాను. మొదటి కొన్నేళ్ళు నేలకొండపల్లి పరిసరాలలో, తరువాత చాలాకాలం భద్రాచలం మన్యంలో పనిచేశాను. ఇప్పుడు పాల్వంచలో ఉంటున్నాను. మా మేడ మీద నిలబడితే ఒకవైపు విద్యుత్కేంద్రం పొగగొట్టాలు, మరొకవైపు అడవి అంచు కనిపిస్తాయి.

మొదట వాషింగ్టన్ సంగతి. అక్కడి స్మిత్సోనియన్ ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాలలో ప్రవేశానికి రుసుము లేదు. లోపల జనమంతా ఒకే గది వైపు నడుస్తుంటే మేమూ నడిచాము. అద్దాల పెట్టెలో, మెల్లగా తిరుగుతున్న పీఠం మీద, నీలంగా ఒక రాయి. హోప్ వజ్రం అంటే అదే. బరువు 45.52 కారెట్లు. కృష్ణానది ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని పండితుల అభిప్రాయం. ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే దానిని మన దేశంలో కొని, 1668లో ఫ్రాన్సు రాజు పధ్నాలుగో లూయీకి అమ్మాడు. 1673లో దానిని సానపట్టి చిన్నది చేశారు. ఫ్రెంచి విప్లవకాలంలో, 1792లో, అది దొంగల పాలయింది. కొంతకాలానికి ఇంకా చిన్నదై లండనులో తేలింది. చేతులు మారి మారి చివరకు హ్యారీ విన్‌స్టన్ అనే నగల వర్తకునికి చేరింది. ఆయన 1958లో దానిని ఈ ప్రదర్శనశాలకు దానం చేస్తూ, రిజిస్టర్డు పోస్టులో పంపించాడట! మనం పదవ తరగతి మార్కుల జాబితా పంపినట్టు!

పక్కవాళ్ళు ఫొటోలు తీసుకుంటుంటే నా మనసు పాల్వంచకు పోయింది. తావెర్నియే వజ్రం అమ్మిన నాలుగేళ్ళకు, 1672లో, గోల్కొండ సింహాసనం మీదికి అబుల్ హసన్ కుతుబ్‌షా వచ్చాడు. మన తానీషా. ఆయన మంత్రి మాదన్న. ఆ మాదన్న మేనల్లుడు కంచర్ల గోపన్న మా పాల్వంచ పరగణాకు తహశీల్దారు. ప్రభుత్వానికి కట్టవలసిన శిస్తు సొమ్ముతో భద్రాద్రి మీద రామునికి గుడి కట్టించి, నగలు చేయించి, గోల్కొండ చెరసాల పాలయిన కథ తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఆ నగలను నేటికీ శ్రీరామనవమి కల్యాణంలో మూర్తులకు అలంకరిస్తారు. గోల్కొండ రాజ్యం 1687లో ఔరంగజేబు చేతికి చిక్కి అంతరించింది. గోపన్న రామదాసయ్యాడు.

రెండూ ఒకే కాలపువి, ఒకే రాజ్యపువి. ఖజానాకు చేరవలసిన సొమ్ము గుడి అయి, పాట అయి మా మధ్యనే ఉండిపోయింది. గనిలో దొరికిన రాయి మాత్రం దేశాలు దాటి, ప్రతి చేతిలోనూ కొంత అరిగి, అద్దాల పెట్టెలో స్థిరపడింది. కొల్లూరు గనిలో 60,000 మంది పనిచేస్తున్నారని తావెర్నియే రాశాడు. ఆడవాళ్ళూ పిల్లలూ అందులో ఉన్నారు. పెట్టె పక్కనున్న కథలో రాజుల పేర్లున్నాయి, వర్తకుల పేర్లున్నాయి, నగ ధరించిన దొరసానుల పేర్లున్నాయి. మట్టి మోసినవారిలో ఒక్కరి పేరూ లేదు. కొల్లూరు కూడా ఇప్పుడు లేదు. పులిచింతల జలాశయంలో మునిగిపోయింది. చరిత్ర అనేది ఎవరు రాసిపెట్టారో వారికే దక్కుతుందని ఆనాడు తోచింది. ఈ మాట తరువాత మళ్ళీ అవసరమవుతుంది, గుర్తుంచుకోండి.

షికాగోలో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ భవనంలో, 1893 సెప్టెంబరు 11న వివేకానందులవారు మాట్లాడిన స్థలం చూసి నమస్కరించుకున్నాను. దాని గురించి చాలామంది చాలా బాగా రాశారు కనుక ముందుకు సాగుతాను. నన్ను ఎక్కువసేపు నిలబెట్టినది ఆ నగరంలోనే ఉన్న ఫీల్డ్ మ్యూజియంలోని ఒక విభాగం. అక్కడి ఆదివాసులకు సంబంధించిన పాత గదిని, దశాబ్దాల తరబడి మార్పు లేకుండా ఉన్నదాన్ని, 2022లో పూర్తిగా మార్చి తెరిచారు. వస్తువులను ఎలా పెట్టాలి, పక్కన ఏ మాట రాయాలి అన్నది ఆ జాతులవారినే కూర్చోబెట్టుకుని నిర్ణయించారట. వాషింగ్టన్‌లో 2004లో తెరిచిన అమెరికన్ ఇండియన్ జాతీయ ప్రదర్శనశాలలోనూ ఇదే పద్ధతి చూశాను. అక్కడ వారు తమ గురించి 'మేము' అని చెప్పుకుంటున్నారు.

ఈ మర్యాద అక్కడ ఊరికే రాలేదు. సమాధులు తవ్వి తీసిన ఎముకలనూ, పూజావస్తువులనూ ఆయా జాతులకు తిరిగి అప్పగించాలని 1990లో అక్కడ చట్టం చేశారు. చట్టం వచ్చిన మూడు దశాబ్దాలకు కూడా పెట్టెలు నిండుగానే ఉన్నాయి. 2024 జనవరిలో కొత్త నియమాలు అమలులోకి వచ్చి, వారి సమ్మతి లేనిదే ప్రదర్శించరాదన్న తరువాత, ఇదే ఫీల్డ్ మ్యూజియం కొన్ని అద్దాల పెట్టెలకు ముసుగులు వేసిందని ఇంటికి తిరిగివచ్చాక తెలిసింది.

ఆ గదుల్లో తిరుగుతుంటే నాకు మన్యంలో నా తరగతులు గుర్తుకొచ్చాయి. కోయ పిల్లలు ఇంట్లో కోయ మాట్లాడి బడిలో తెలుగు మాట్లాడేవారు. వారి ఉచ్చారణ దిద్దడమే నా ధర్మమనుకున్నాను. బెత్తంతో కూడా దిద్దాను. వారి భాష మన తెలుగుకు దగ్గరి చుట్టమని శిక్షణలో చదివినవాడినే, పరీక్షలో రాసినవాడినే. ఒక్కనాడైనా 'ఒరే, దీన్ని మీ భాషలో ఏమంటారు?' అని అడగలేదు. సమ్మక్క సారలమ్మల కథను కోయభాషలోనూ తెలుగులోనూ డోలు కొట్టి పాడే సకిని రామచంద్రయ్యగారు మా మణుగూరు వైపువారే. 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు పత్రికలో చూసి 'మనవాడే' అని గర్వపడ్డాను. బస్సెక్కి పోయి వినాలని తోచలేదు. 2024లో ఆయన పోయారు. షికాగో దాకా పోయి ఆదివాసుల గొంతు వినడానికి టిక్కెట్టు కొన్నాను. మణుగూరుకు బస్సు టిక్కెట్టు కొనలేదు.

ఇక న్యూయార్కు సంగతి. అసలు కథ ఇదే.

అక్టోబరు నెలాఖరున ఒక శనివారం మా అబ్బాయి మమ్మల్ని మెట్రొపాలిటన్ మ్యూజియానికి తీసుకువెళ్ళాడు. వృద్ధుల రాయితీ పోను తలకు 22 డాలర్లు. మా ఇంటావిడ మనసులోనే రూపాయల్లోకి మార్చుకుని నిట్టూర్చింది. లోపల 'వృక్షము, సర్పము' అన్న పేరుతో ఒక ప్రత్యేక ప్రదర్శన జరుగుతున్నది. క్రీస్తుపూర్వం 200 నుంచి క్రీస్తుశకం 400 వరకు భారతదేశపు తొలి బౌద్ధ శిల్పం దాని విషయం. ఆ పేరు 1868లో జేమ్స్ ఫెర్గూసన్ సాంచి, అమరావతి స్తూపాల మీద రాసిన పుస్తకం పేరును తలపిస్తుంది. ఆ జూలై 21న మొదలై నవంబరు 13న ముగిసిన ఆ ప్రదర్శనలో 125కు పైగా వస్తువులు పెట్టారు. వాటిలో మన కృష్ణా తీరపు రాళ్ళది పెద్దపీట. అమరావతి, నాగార్జునకొండ అన్న పేర్లు చదువుతుంటే ఛాతీ కొంచెం పొంగింది. పండితుణ్ణి కదా, మా మనుమరాలికి వివరించడం మొదలుపెట్టాను. దానికి పదేళ్ళు.

అంతలో ఒక పెద్ద దూలం లాంటి రాయి. తోరణానికి అడ్డంగా నిలిపే రాయి అది. రెండు పక్కలా చెక్కారు. మనుషులు, గుర్రాలు, చెట్లు, భక్తితో వంగిన తలలు. ఒక వేలు పెట్టే సందు లేదు. పక్కన ఊరి పేరు: ఫణిగిరి, తెలంగాణ.

మా మనుమరాలు అడిగింది. "తాతయ్యా, ఇది మీ ఊరి దగ్గరేనా?"

"దగ్గరేనమ్మా. సూర్యాపేట అవతల."

"అయితే ఆ కొండ మీరు చూశారా? ఎలా ఉంటుంది?"

పక్కనే నిలబడి వింటున్న ఒక అమెరికను వృద్ధురాలు, ఆ పేరు ఎలా పలకాలని మా అబ్బాయిని అడిగింది. వాడు నా వైపు చూపించాడు. ఫణి అంటే పడగ కలిగిన పాము, గిరి అంటే కొండ, పాముపడగ వంటి కొండ అని వ్యుత్పత్తి చెప్పాను. మావాడు ఇంగ్లీషులోకి మార్చాడు. ఆవిడ చాలా సంతోషించి, నా మనుమరాలు అడిగిన ప్రశ్ననే అడిగింది: నిజంగానే కొండ పడగలాగా కనిపిస్తుందా?

చూడలేదని చెప్పాను. అబద్ధం చెప్పి తప్పించుకోవచ్చు. పదేళ్ళ పిల్ల పక్కన ఉండగా నోరు రాలేదు. అరవై నాలుగేళ్ళ వయసుకు ఆ కొండకు వెళ్ళడానికి నాకొక్క ఆదివారం దొరకలేదు.

ఫణిగిరి గురించి తెలియనివారికోసం కొంచెం. సూర్యాపేట జిల్లా నాగారం మండలంలో, మూసీకి ఉపనది అయిన బిక్కేరు వాగు దగ్గరి కొండ అది. నిజాం ప్రభుత్వ కాలంలోనే, 1940వ దశకం తొలి యేళ్ళలో, పురావస్తుశాఖవారు అక్కడ తవ్వి చూశారు. మళ్ళీ 2001 తరువాత జరిగిన తవ్వకాలలో మహాస్తూపం, చైత్యాలు, విహారాలు, శిల్పాలు బయటపడ్డాయి. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుని పద్దెనిమిదో పాలనా సంవత్సరపు శాసనం కూడా దొరికింది. సిద్ధార్థుడు ఇల్లు విడిచి వెళ్ళడం, ఆయన విడిచిన తలపాగాను దేవలోకంలో పూజించడం ఫణిగిరి శిల్పులు చెక్కిన ఘట్టాలలో ముఖ్యమైనవి. తలపాగా తీసి పక్కన పెట్టడమంటే రాచరికాన్ని వదులుకోవడం. ఆ ఒక్క వస్తువుతో కథంతా చెప్పారు. పదిహేడు వందల యేళ్ళ కిందట మన ఊళ్ళ పక్కన ఇంతటి పని జరిగింది.

ఆ గదిలో ఒక బల్ల ఉంటే కూర్చున్నాను. అప్పుడు 1988 గుర్తుకొచ్చింది.

నేలకొండపల్లి అంటే భక్త రామదాసు జన్మస్థలమని అందరికీ తెలుసు. అక్కడే పెద్ద బౌద్ధస్తూపమూ, విహారాల పునాదులూ ఉన్నాయి. జనం వాటిని విరాటరాజు దిబ్బలంటారు. కీచకవధ అక్కడే జరిగిందని, పాండవులు అజ్ఞాతవాసం అక్కడే చేశారని చెప్పుకుంటారు. తిక్కనగారి విరాటపర్వం పాఠం చెప్పేటప్పుడు ఆ దిబ్బల పేరెత్తి పిల్లలను ఉత్సాహపరిచేవాణ్ణి. తవ్వకాలలో బుద్ధ విగ్రహాలు దొరికాయని తెలుసు. అది సాంఘిక శాస్త్రం పంతులుగారి విషయమనుకునేవాణ్ణి. పొలాల్లో పెద్ద పెద్ద పాత ఇటుకలు దొరికేవి. జనం తెచ్చుకుని పొయ్యి పక్కన, గోడల్లో పెట్టుకునేవారు.

ఒకనాడు ఏడవ తరగతి పిల్లవాడొకడు గుప్పిట మూసుకుని వచ్చాడు. తెరిస్తే చిన్న బిళ్ళ. మట్టి పట్టి నల్లగా ఉంది. ఒకవైపు ఏదో గీత, ఏనుగు తొండంలాగా.

"ఏందిరా ఇది?"

"సీసం సార్. చేన్ల దొరికింది. మా నాయిన గిసోంటియి కరగబెట్టి వలకు గుండ్లు చేసుకుంటడు. దీని మీద బొమ్మున్నది సార్, జూడుండ్రి."

ఆ రోజు తనిఖీ ఉంది. బోర్డు మీద ఛందస్సు రాస్తున్నాను. గణవిభజన రాని పిల్లవాడు సీసపు బిళ్ళ మీద బొమ్మ చూపిస్తున్నాడని కోపం వచ్చింది. "పారేసి కూర్చో, పాఠం చూడు" అన్నాను. వాడు కిటికీలో నుంచి విసిరి కూర్చున్నాడు. వాడి ముఖం నాకు ఆనాడు గుర్తులేదు. న్యూయార్కులో బల్ల మీద కూర్చున్నప్పుడు స్పష్టంగా కనిపించింది.

ఆ ప్రదర్శనలో మరొక పేరు నన్ను కలవరపెట్టింది: నాగార్జునకొండ. ఆ చోటు లోకానికి ఎలా తెలిసిందో మీలో కొందరికి తెలిసే ఉంటుంది. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు అక్కడొక పాత స్తంభాన్ని గమనించి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశాడు. ఆ మీదట శాసన పరిశోధన విభాగంలో తెలుగు సహాయకుడిగా ఉన్న రంగస్వామి సరస్వతిగారు వచ్చి చూశారు. మరుసటి ఏడు నుంచి లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు మొదలుపెట్టాడు. 1955లో నాగార్జునసాగరు ఆనకట్టకు పునాదిరాయి పడింది. లోయ మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 వరకు విస్తృతంగా తవ్వి, దొరికినవాటిని కొండ మీదికి చేర్చారు. ఇంత పనికీ మొదటి కదలిక ఒక బడిపంతులు. ఆయనకూ పాఠాలుండి ఉంటాయి, తనిఖీలుండి ఉంటాయి. స్తంభం కనిపించినప్పుడు ఆగి చూశాడు, చూసినదాన్ని ఉత్తరంలో పెట్టాడు. నాకు చేతిలోకి వచ్చిన బిళ్ళను కిటికీలో నుంచి పారేయించాను.

'నేను తెలుగు పండితుణ్ణి, నాకు రాళ్ళతో పనేమిటి' అన్న నా సాకు కూడా నిలబడదు. కాలిన్ మెకంజీ దొర 18వ శతాబ్దం చివర అమరావతి స్తూపాన్ని చూసి రాసిపెట్టాడని ఆయనకే కీర్తి ఇస్తాము. ఆయనకు కళ్ళూ చెవులూ అయినవారు మన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామిగార్లు. ఊరూరా తిరిగి కరణాలనూ పెద్దలనూ అడిగి కైఫీయతులు రాయించారు. ఆ తరువాతి రోజులలో మల్లంపల్లి సోమశేఖరశర్మగారు శాసనాలు చదివి చరిత్ర రాశారు. తెలుగు వచ్చినవాడికి రాయితో పని ఉందనడానికి ఇంతకన్న సాక్ష్యమేమి కావాలి? ఊరివాడి మాట అర్థమయ్యేది మనకే. ఊరివాడు బిళ్ళ తెచ్చి చూపించేది మనకే. న్యూయార్కు దాకా ఏ రాయి వెళ్ళినా మొదట ఎవరో ఒకరు వంగి దాన్ని చేతిలోకి తీసుకోవలసిందే.

రాళ్ళు విదేశాలకు పోయాయని బాధపడేవారిలో నేనూ ఒకణ్ణి. అమరావతి శిల్పాలలో పెద్ద భాగం లండనులో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, మరొక పెద్ద భాగం చెన్నైలో ఉంది. ఆ బాధ న్యాయమైనదే. ఫణిగిరి రాయి మాత్రం అరువుకు వచ్చి ప్రదర్శన కోసం నిలబడిన అతిథి. మన తెలంగాణ ప్రభుత్వపు సొత్తు. దానిని మన దగ్గర చూడకుండా నన్నెవరూ ఆపలేదు. అందుకే ఆ సాయంత్రం ఎవరి మీదా కోపం తెచ్చుకోలేకపోయాను. అమరావతి రాళ్ళ విషయంలోనూ ఒక సంగతి మరచిపోతుంటాము. దొరలు తీసుకుపోకముందే ఎన్నో రాళ్ళు మన ఇళ్ళ గోడల్లోకి, సున్నపు బట్టీల్లోకి పోయాయి. తీసుకుపోయినవాడిది తప్పే. కాల్చి గోడకు పూసుకున్నవాడిది కూడా తప్పే. పారేయమన్నవాడు ఆ రెండోవాడి జాతి.

డిసెంబరు చివర ఇంటికి వచ్చాము. ఆ ప్రదర్శన అప్పటికి కొరియాలోని సియోలుకు తరలింది. 2024 ఏప్రిల్ మొదటివారంలో పేపరు చూస్తూ కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాను. ఫణిగిరిలో తవ్వుతుంటే ఒక మట్టికుండ బయటపడింది. అందులో 3,730 సీసపు నాణేలు. ఒకవైపు ఏనుగు బొమ్మ, మరొకవైపు ఉజ్జయిని చిహ్నం. ఇక్ష్వాకుల కాలపువని పురావస్తుశాఖవారు చెప్పారు.

పిల్లవాడు తెచ్చినది అటువంటిదే అని నేను ప్రమాణం చేయలేను. కాకపోవచ్చు కూడా. అయితే, కాదని చెప్పడానికైనా ఆ బిళ్ళ ఉండాలి కదా.

ఆ వేసవిలోనే ఫణిగిరి వెళ్ళాను. సూర్యాపేటలో బస్సు మారి, అక్కడినుంచి ఆటోలో. కింద నుంచి చూస్తే కొండ నిజంగానే కొంచెం పడగలాగా ఉంది. ఎక్కేటప్పుడు రెండుచోట్ల కూర్చున్నాను. పైన స్తూపపు పునాదులు, విహారాల గదులు, విరిగిన స్తంభాలు, విశాలమైన ఎండ. మనుమరాలికి ఫోనులో చూపిస్తూ, "ఇదిగోనమ్మా, అక్కడ రాయి చూశావే, అది నిలబడిన చోటు" అన్నాను. న్యూజెర్సీలో అర్ధరాత్రి కావస్తున్నది. నిద్రమత్తులో, "ఇప్పుడు చూశారుగా తాతయ్యా" అంది. ఆ మాటతో కొంత బరువు దిగినట్లయింది.

నేలకొండపల్లికి కూడా వెళ్ళాను. ఆ పిల్లవాణ్ణి వెతకడం కష్టం కాలేదు. వాడు ఇప్పుడు పిల్లవాడు కాదు, యాభైకి దగ్గరపడ్డాడు. చేపల వ్యాపారం చేసుకుంటున్నాడు. నన్ను చూసి లేచి, తుండుతో కుర్చీ తుడిచి కూర్చోబెట్టాడు. కుశలప్రశ్నలయ్యాక బిళ్ళ సంగతి ఎత్తాను. వాడికి గుర్తుంది.

"మీరే పారెయ్యమంటిరి గద సార్. పారేసిన."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. పంతులుగారు చెబితే చేశాడు, అంతే. తరువాత బడి వదిలాక కిటికీ కింద వెతికాడట, దొరకలేదట. అది వినగానే నాకు మాట రాలేదు. వాడికి ఉన్న కుతూహలంలో సగం నాకుండి ఉంటే బాగుండేది.

"తప్పు నాదిరా" అన్నాను.

"గదేంది సార్, సీసం ముక్కకు" అని నవ్వి, చాయ్ తెప్పించాడు.

వాడి కొడుకు డిగ్రీ చదువుతున్నాడు. ముగ్గురం స్తూపం దాకా నడిచాము. ఊళ్ళోనే పుట్టి పెరిగిన ఆ కుర్రవాడు అక్కడ సెల్ఫీలు దిగాడు కానీ ఆ దిబ్బ ఏమిటో ఎవరూ చెప్పలేదన్నాడు. చైత్యమంటే ఏమిటి, విహారమంటే ఏమిటి, విరాటరాజు కథ జనం నోట ఎందుకు నిలిచింది, ఇటుక ఎందుకంత పెద్దది, నాకు తెలిసినంతలో చెప్పాను. వాడు శ్రద్ధగా విన్నాడు. చివర వాళ్ళ నాన్న, తన చిన్నప్పుడు చేను ఎక్కడ ఉండేదో, బిళ్ళ ఏ గట్టు దగ్గర దొరికిందో చేయి చాపి చూపించాడు. అది నాకు తెలియని పాఠం. సంచిలోంచి నోటుపుస్తకం తీసి రాసుకున్నాను.

అప్పటినుంచి నెలకొకసారి, ఆరోగ్యం అనుకూలించినప్పుడు, ఏదో ఒక బడికి పోయి పిల్లలను వెంటబెట్టుకుని దగ్గరలో ఉన్న పాతచోటుకు నడుస్తున్నాను. ప్రధానోపాధ్యాయులు 'సిలబస్ కాదు కదా సార్' అన్నా, కాదనడం లేదు. మన్యంలో అయితే చెప్పడం తగ్గించి అడగడం మొదలుపెట్టాను. మీ అవ్వ ఈ వాగును ఏమంటుంది? ఈ గట్టుకు ఆ పేరు ఎందుకు వచ్చింది? పోలవరం ముంపులో ఊళ్ళు కదిలిపోయిన చోట్ల ఆ పేర్లు తెలిసినవారు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. నాగార్జునకొండకు ఆరేళ్ళ గడువు దొరికింది, రాళ్ళను ఎత్తి గట్టున పెట్టారు. మాటలను ఎత్తి గట్టున పెట్టడానికి క్రేను అక్కరలేదు. ఒక నోటుపుస్తకం చాలు.

మీలో చాలామంది దూరదేశాల్లో ఉన్నారు. మంచి ప్రదర్శనశాలలు మీ ఊళ్ళోనే ఉన్నాయి. తప్పక చూడండి, పిల్లలకు చూపించండి. అక్కడ మన ఊరి పేరు కనిపిస్తే ఆగి చదవండి. ఈసారి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఆ ఊరికి కూడా ఒక్క పూట కేటాయించండి. మీ ఊరి పక్కన అటువంటి దిబ్బ, కొండ, పాతబావి ఏదైనా ఉంటే, దాని గురించి ఊరివారు చెప్పుకునే మాటతో సహా నాలుగు వాక్యాలు రాసిపెట్టండి.

ఇక ఏ పిల్లవాడైనా గుప్పిట మూసుకుని మీ దగ్గరికి వస్తే, చేతిలో పని ఎంతటిదైనా సరే, ఒక్క నిమిషం ఆపి చూడండి.

సెలవు.